ఒక పౌండు ఆవిరి

మా ఆయన మొదటిసారి బాయిలర్ పరీక్ష తప్పింది అంకె తెలియక కాదు. అంకె సరిగ్గానే చెప్పాడు. మామూలు గాలి ఒత్తిడిలో ఆవిరి విశిష్ట ఘనపరిమాణం ఎంత అని పరీక్ష పెట్టే సాహెబు మరాఠీలో అడిగితే, ఇరవై ఆరు పాయింట్ ఎనిమిది అన్నాడట. ఇరవై ఆరు పాయింట్ ఎనిమిది ఏమిటి అని సాహెబు మళ్ళీ అడిగాడు. మా ఆయన కాసేపు ఆలోచించి, "నంబర్" అన్నాడు. దాంతో సాహెబు పెన్ను మూత పెట్టుకున్నాడు.

ఆ మాటకు ఆయన్ను తప్పు పట్టలేను. మా పేటలో ఎవరిని అడిగినా అదే చెప్పేవాళ్ళు. షోలాపూర్‌లో కుంఠా నాకా వైపు మా వాడలో ఇల్లిల్లూ మగ్గమే. తాతల కాలంలో తెలంగాణ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన నేతవాళ్ళం. నూలంటే మాకు నంబరే. ఇరవై నంబరు, నలభై నంబరు, అరవై నంబరు. నంబరు పెరిగినకొద్దీ నూలు సన్నమవుతుంది. ఆ నంబరు దేన్ని లెక్కపెడితే వచ్చిందని అడిగేవాళ్ళు లేరు, చెప్పేవాళ్ళూ లేరు. అందరికీ తెలిసిన సంగతిని నోటితో చెప్పడం మాకు అలవాటు లేదు.

ఆయన ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పినప్పుడు నేను పడీ పడీ నవ్వాను. అప్పుడు ఆయన గోడ వైపు చూస్తూ, ఈ వానాకాలం వెళ్ళాక ఇంకోసారి పరీక్ష ఉంటుందని, మిల్లువాళ్ళు అప్పటిదాకానే తనను ఉంచుతారని అన్నాడు. నా నవ్వు ఆగిపోయింది.

సంగతేమిటంటే, మా ఆయన మిల్లులో బాయిలర్‌కు బొగ్గు వేసేవాడు. ఆ బొగ్గు పని గుత్తేదారు మనుషులకు ఇచ్చేస్తారని, బాయిలర్ దగ్గర సర్టిఫికెట్ ఉన్నవాళ్ళను మాత్రమే ఉంచుకుంటారని మిల్లులో ముందే చెప్పేశారు. రెండోసారి కూడా తప్పితే ఆయన బొంబాయి పోవాలి. అక్కడ ఆయన అన్న, నాకు బావ, ఒక మిల్లులో పని చేస్తున్నాడు. ఒక్క గదిలో డజను మంది మగవాళ్ళు. పగటి పాళీవాళ్ళు లేచిన చాపల మీద రాత్రి పాళీవాళ్ళు పడుకోవడం. అక్కడ ఆడవాళ్ళకు చోటు లేదు. మా తోటికోడలు పెళ్ళైన నాటి నుంచీ పుట్టింట్లోనే ఉంటోంది. మొగుడు పండుగకు వస్తే ఆమె సిగ్గుపడేది, చుట్టం ముందు నిలబడినట్టు. నాకు అప్పటికి పెళ్ళై ఏడాది కూడా కాలేదు. నాకు అలాంటి బతుకు వద్దు. మొగుడితో కలిసి ఉండాలని ఉందని పైకి చెప్పుకోలేని కాలం అది, కానీ నాకు అదే ఉండేది.

ఆయన మనసులో ఏముందో మాత్రం తెలిసేది కాదు. బొంబాయి పోవాల్సి వస్తే ఏం చేస్తావని అడిగితే, చూద్దాం అనేవాడు. పెళ్ళికి ముందు ఒకసారి అన్న దగ్గరికి వెళ్ళి సముద్రం చూసి వచ్చాడు. ఆ సముద్రం గురించి ఎన్నిసార్లు చెప్పాడో లెక్క లేదు. నాకు లోపల మండేది. నాది ముక్కు మీద కోపం, ఇప్పటికీ తగ్గలేదు. వెళ్ళిపోతానంటే కాళ్ళు పట్టుకొని ఆపే రకాన్ని కాను. అందుకని ఆయన పరీక్ష పుస్తకం పట్టుకున్నాను.

అది మరాఠీ పుస్తకం. మా ఆయన తెలుగు బడిలో చదివాడు, మరాఠీ మాట్లాడతాడు గానీ చదవాలంటే కూడబలుక్కోవాలి. నేను మునిసిపాలిటీ మరాఠీ బడిలో ఏడో తరగతి దాకా చదివాను. కాబట్టి చదవడం నా వంతు, వినడం ఆయన వంతు. రాత్రి పాళీ చేసి పొద్దున వచ్చి పడుకొని మధ్యాహ్నం లేచేవాడు. నేను చాట ఒళ్ళో పెట్టుకొని బీడీలు చుడుతూ, పుస్తకాన్ని తునికాకుల కట్టకు ఆనించి చదివేదాన్ని. పేజీలకు పొగాకు అంటుకొని, పుస్తకం తెరిస్తే ఆయనకు తుమ్ములొచ్చేవి. మూలన మా అత్త చరఖా ముందు కూర్చొని పక్కింటి మగ్గానికి కండెలు చుట్టేది. మామ నేను కాపురానికి రాకముందే పోయాడు.

మొదటి రోజు నేను పుస్తకం తెరవలేదు.

"నలభై నంబర్ అంటే ఏంది?" అని అడిగాను.

"సన్న నూలు."

"ఎంత సన్నం? ఏది లెక్కబెడితే నలభై అయింది?"

"పౌండు నూలు తూస్తే నలభై చిలపలు వస్తయ్. గది గూడ తెల్వదా నీకు?"

"నాకు తెల్సు. సాహెబుకు పౌండుకు అని ఎందుకు చెప్పలే?"

"ఎవలన్న చెప్తరా గట్ల?" అన్నాడు చిరాగ్గా.

చెప్పాలి. ఆ రోజంతా మా గొడవ అదే. చిలప అంటే నూలు చుట్ట, దాని పొడుగు ఎప్పుడూ ఒకటే. ఒక పౌండు బరువులో అలాంటివి ఎన్ని పడతాయన్నదే నంబరు. ఆవిరి లెక్క కూడా అంతే. ఒక పౌండు బరువున్న ఆవిరి ఎన్ని ఘనపు అడుగుల చోటు తీసుకుంటుందన్నదే విశిష్ట ఘనపరిమాణం. చిలపల బదులు ఘనపు అడుగులు, అంతే తేడా. ఇరవై ఆరు పాయింట్ ఎనిమిది అని ఊరుకుంటే అది దేనికీ చెందని అంకె. పౌండుకు ఇరవై ఆరు పాయింట్ ఎనిమిది ఘనపు అడుగులు అంటేనే అది ఆవిరి.

నోటితో చెబితే ఆయనకు ఎక్కదని, గజం కట్టె తీసుకొని గది మూలన కొలిచాను. గజం పొడుగు, గజం వెడల్పు, గజం ఎత్తు. గజానికి మూడు అడుగులు కాబట్టి మూడు మూళ్ళు తొమ్మిది, తొమ్మిది మూళ్ళు ఇరవై ఏడు. ఇరవై ఏడు ఘనపు అడుగులు, ఒక పౌండు ఆవిరికి ఇంచుమించు సరిపోయే చోటు. ఆ మూలన మా అత్త జొన్నల డబ్బా ఉండేది, దాన్ని జరిపి ఆయన్ను అక్కడ గొంతుక్కూర్చోమన్నాను. మనిషి సరిపోయాడు. తర్వాత చిన్న చెంబు నిండా నీళ్ళు తెచ్చి చేతిలో పెట్టాను. ఒక పౌండు నీళ్ళు కొంచెం అటూ ఇటుగా అంతే ఉంటాయి. ఈ చెంబు మరిగి మొత్తం ఆవిరైతే నువ్వు కూర్చున్న చోటంతా నిండుతుందని చెప్పాను. ఆయన చెంబు వైపు, తన మోకాళ్ళ వైపు మార్చి మార్చి చూశాడు. మా అత్త చరఖా తిప్పుతూనే, మీ ఇద్దరికీ ఎండ దెబ్బ తగిలిందా అని అడిగింది.

అక్కడి నుంచి పని సులువైంది. బాయిలర్ లోపల వంద పౌండ్ల ఒత్తిడి దగ్గర అదే పౌండు ఆవిరి నాలుగు ఘనపు అడుగులకు లోపలే ఇమిడిపోతుందని పట్టికలో ఉంది. ఒత్తిడి పెరిగితే ఆవిరి నంబరు తగ్గుతుంది, అంటే లావు ఆవిరి అన్నాడు ఆయన. బరోబర్, కానీ సాహెబు ముందు లావు ఆవిరి అనకు అన్నాను.

సాంద్రత దగ్గర మళ్ళీ చిక్కు వచ్చింది. సాంద్రతంటే ఘనపు అడుగుకు ఎన్ని పౌండ్లన్న లెక్క. విశిష్ట ఘనపరిమాణం దానికి తలకిందులు. ఆయన ఒకదాని బదులు ఇంకొకటి చెప్పేవాడు. ఇక్కడ కూడా నూలే ఆదుకుంది. చీర అంచుకు వాడే నకిలీ పట్టుకు కూడా నంబరు ఉంటుంది. కానీ దాని నంబరు పెరిగితే పోగు లావు. ఎందుకంటే పట్టును ఇంత పొడుగుకు ఎంత బరువు అని తూస్తారు, నూలును ఇంత బరువుకు ఎంత పొడుగు అని కొలుస్తారు. సాంద్రతది పట్టు లెక్క, విశిష్ట ఘనపరిమాణానిది నూలు లెక్క అన్నాను. అది విన్నాక ఆయన ఆ రెండూ మళ్ళీ కలపలేదు. ఇది నేను కనిపెట్టానని చాలా ఏళ్ళు గొప్పలు చెప్పుకున్నాను.

పుస్తకం చివర ఇంకో పట్టిక ఉండేది. అందులో అదే ఆవిరికి పదహారు వందల డెబ్బై చిల్లర అని రాసి ఉంది. ఆయన కంగారుపడి ఇందులో ఏది నిజమని అడిగాడు. రెండూ నిజమే. ఇక్కడ పౌండు బదులు గ్రాము, ఘనపు అడుగు బదులు ఘన సెంటీమీటరు. మొదటి అంకెను సుమారు అరవై రెండున్నరతో గుణిస్తే రెండోది వస్తుంది. ఆ రోజుల్లో బజారులో సేర్లు పోయి కిలోలు వస్తాయని అందరూ గొణుక్కుంటున్నారు. కూరగాయలమ్మే ఆమె కూడా తూకపు రాళ్ళు మారిస్తే వంకాయ పెరుగుతుందా అని తిట్టేది. ఆవిరీ పెరగదని ఆయనకు చెప్పాను.

అసలు యుద్ధం తడి ఆవిరి దగ్గర జరిగింది.

బాయిలర్ నుంచి వచ్చే ఆవిరిలో కొంత నీళ్ళ తుంపర కలిసి ఉంటుంది. పుస్తకంలో లెక్క ఇలా ఉంది: మామూలు గాలి ఒత్తిడి దగ్గర ఒక పౌండు తడి ఆవిరిలో సగం బరువు ఆవిరి, సగం బరువు నీళ్ళు. దాని విశిష్ట ఘనపరిమాణం ఎంత? మేమిద్దరం ఆ లెక్క చూసి ఒక్కసారే ఊపిరి పీల్చుకున్నాం. రెండు నంబర్లు కలపడం మాకెవరైనా నేర్పాలా? నలభై నంబరు పోగులు రెండు కలిపి పురి పెడితే ఎనభై కాదు, నలభై కాదు, ఇరవై నంబరు అవుతుంది. ఇరవై పోగుకు నలభై పోగు కలిపి పేనితే పదమూడు నంబరు చిల్లర. రెండు పోగులు కలిస్తే వచ్చేది రెండింటికంటే లావుగానే ఉంటుంది. మా పేటలో పలక పట్టని ముసలమ్మకు కూడా ఇది తెలుసు. ఆ లెక్కనే ఆవిరికి పెట్టాం. నీళ్ళు చాలా లావు నంబరు, పౌండుకు ఘనపు అడుగులో అరవయ్యో వంతు. ఆవిరి సన్న నంబరు. రెండూ కలిపి పేనితే వచ్చిన జవాబు నీళ్ళ నంబరుకంటే ఒక వెంట్రుకవాసి తక్కువ.

పుస్తకం వెనక జవాబు చూశాను. పదమూడు పాయింట్ నాలుగు అని ఉంది.

మళ్ళీ చేశాం. మళ్ళీ అదే వచ్చింది. పుస్తకంలో అచ్చు తప్పు పడిందని నేను తేల్చేశాను. మా ఆయనకు అనుమానం. సగం ఆవిరి ఉన్న పౌండు, ఒట్టి నీళ్ళకంటే తక్కువ చోటులో ఎలా పడుతుంది, బాయిలర్ ముందు నిలబడేవాణ్ణి నాకు తెలియదా అన్నాడు. నీళ్ళు ఆవిరిని మింగేస్తాయి అన్నాను నేను. ఏ ముఖం పెట్టుకొని అన్నానో ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. కానీ అప్పుడు పట్టిన పట్టు వదల్లేదు. ఆయన పుస్తకం మూసేసి, నీకంటే పుస్తకం రాసినాయనకే ఎక్కువ తెలిసుంటుంది అన్నాడు. అయితే ఆయన దగ్గరే చదువుకో అన్నాను. ఆ తర్వాత కొన్ని రోజులు మేం చదవలేదు, మాట్లాడుకోలేదు కూడా. పరీక్ష దగ్గర పడుతోంది. ఆయన మధ్యాహ్నాలు లేచి అరుగు మీద కూర్చొని సముద్రం గురించి పక్కింటివాళ్ళకు చెప్పేవాడు. నేను వినేట్టుగా చెప్తున్నాడని అనుకునేదాన్ని. బీడీ ఆకు కత్తిరిస్తూ నా వేలు కూడా కోసుకున్నాను.

ఆ రోజుల్లోనే ఒకసారి పక్కింటి మగ్గానికి ఇరవై నంబరు నూలు చాలినంత దొరకలేదట. నూలిచ్చే షావుకారు అర పౌండు ఇరవై, అర పౌండు నలభై కలిపి ఒక పౌండు కట్ట చేసి మా అత్తకు పంపించాడు. నంబర్లు కలగలిసిపోకుండా వేరు చేసి కొయ్యకు తగిలించమని అత్త నాకు చెప్పింది. కోపంలో ఉన్నాను కాబట్టి కట్టను విసురుగా విప్పి తగిలించడం మొదలుపెట్టాను. లావువి పది చిలపలు. సన్నవి ఇరవై. కొయ్య మీద మొత్తం ముప్పై.

ముప్పై. ఒక పౌండు కట్టలో ముప్పై చిలపలు. పదమూడు కాదు.

నేను అక్కడే నిలబడిపోయాను. ఇరవైనీ నలభైనీ కలిపితే పదమూడు రావాలి కదా? కానీ వీటిని ఎవరూ పేనలేదు. ఒకే కట్టలో పెట్టారు, అంతే. పేనేటప్పుడు రెండు పోగులకూ పొడుగు సమానం, బరువు బరువుకు తోడై నంబరు పడిపోతుంది. కట్టలో పంచుకున్నది బరువు. అర పౌండు దీనిది, అర పౌండు దానిది. అప్పుడు ఎవరి చిలపలు వాళ్ళవే, ఊరికే కూడితే చాలు. ఆవిరికీ నీళ్ళకూ పురి పెట్టేదెవరు? అర పౌండు ఆవిరి పదమూడు పాయింట్ నాలుగు ఘనపు అడుగులు. అర పౌండు నీళ్ళు లెక్కలోకి రానంత. కూడితే పుస్తకంలో ఉన్న జవాబే.

లోపలికి వెళ్ళి నిద్రపోతున్న మనిషిని లేపాను. మిల్లు భోంగా మోగిందనుకొని ఉలిక్కిపడి లేచాడు. కట్ట సంగతి చెప్పాను. చెప్తూ చెప్తూ, అచ్చు తప్పేమీ లేదని కూడా మెల్లగా మధ్యలో కలిపేశాను. ఆయన కళ్ళు నులుముకొని కొయ్య దగ్గరికి వచ్చి, చిలపలను వేలితో ఒక్కొక్కటే జరుపుతూ చూశాడు. తర్వాత నవ్వాడు. గెలిచానని అనలేదు. అన్నా బాగుండేది, నేను ఇంకో మాట అనడానికి వీలుండేది.

వానలు వెళ్ళాక పూనా వెళ్ళి పరీక్ష ఇచ్చి వచ్చాడు. సాహెబు వేరే మనిషట. బాయిలర్‌లో నీటిమట్టం చూపే అద్దం గురించి, సేఫ్టీ వాల్వు గురించి చాలాసేపు అడిగి, చివర తడి ఆవిరి దగ్గరికి వచ్చాడట. మామూలు గాలి ఒత్తిడి దగ్గర పౌండులో మూడు వంతులు ఆవిరి, ఒక వంతు నీళ్ళు ఉంటే విశిష్ట ఘనపరిమాణం ఎంత అన్నాడట. మా ఆయన మనసులో చిలపలు కూడుకొని, పౌండుకు సుమారు ఇరవై ఘనపు అడుగులు అన్నాడు. పౌండుకు అన్న మాట కొంచెం గట్టిగానే అన్నానని నాతో చెప్పాడు. సాహెబు తలూపి తర్వాతి మనిషిని పిలిచాడట. తలూపడం మంచికో చెడుకో తెలియక ఫలితం వచ్చేదాకా నాకు అన్నం సయించలేదు. ప్యాసయ్యాడు.

ఆ దసరాకు మా బావ బొంబాయి నుంచి వచ్చాడు. సర్టిఫికెట్ చేతిలోకి తీసుకొని చూసి, తమ్ముడి వెన్ను తట్టాడు. తర్వాత అందరం కూర్చుని ఉండగా చెప్పాడు. బొంబాయిలో సర్టిఫికెట్ ఉన్న బాయిలర్ మనుషులు దొరకడం లేదట. వాళ్ళ మిల్లులోనే ఒక ఖాళీ ఉంది, ఇక్కడిచ్చేదానికంటే ఎక్కువే ఇస్తారు, తాను మేస్త్రీతో మాట్లాడే వచ్చాడు. పండుగ అయ్యాక తనతోపాటే బయలుదేరమన్నాడు. మా అత్త, పొయ్యి రారా, మంచి మాటేనాయె అన్నది. బీడీ చాట ముందు కూర్చొని అన్ని మధ్యాహ్నాలు నేను చేసిందేమిటి? ఆయన్ను ఇక్కడ కట్టేయాలని చదివించాను. ఆ చదువే ఆయనకు బొంబాయి దారి వేసింది. ఆయన ముఖం చూడటానికి భయమేసి, ఒళ్ళోని ఆకులు సర్దుతూ కూర్చున్నాను.

"నేను రాను," అన్నాడు మా ఆయన.

ఎందుకు రావు, పిచ్చా అని బావ అడిగాడు.

"గీమెను ఇడిచిపెట్టి ఉండుడు నాతోని కాదనే చదివిన. బొంబాయే పోవాల్నంటే పరీక్ష తప్పినా పోతుంటి గదా అన్నా."

మా ఇళ్ళలో తల్లి ముందు, అన్న ముందు ఏ మగవాడూ అలాంటి మాట అనేవాడు కాదు. పెళ్ళాం పక్కనే కూర్చొని ఉండగా అసలే అనడు. మా అత్త చరఖా ఆపేసింది. బావ సర్టిఫికెట్ మడతలు సరిచేస్తూ కిందికి చూశాడు. ఆయన మాత్రం బస్సు వేళ చెప్పినంత మామూలుగా అనేసి నీళ్ళు తాగుతున్నాడు. నేను బిందె తీసుకొని బయటికి వచ్చేశాను. వాడలో అందరూ పండుగ వంటల్లో ఉన్నారు, నల్లా దగ్గర ఎవరూ లేరు. నీళ్ళు రావడానికి ఇంకా చాలా పొద్దుంది. ఖాళీ బిందె నడుముకు ఆనించుకొని అక్కడే నిలబడి ఏడ్చాను.